చుక్క పెట్టాను

…పెట్టాను అనే మాటలో ఉన్నవి మూడక్షరాలే కదా, ఆ మూడక్షరాలు నోట్లోంచి బయటపడడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది, అర సెకను కూడా పట్టి ఉండదు, మరిది ఆ క్షణాన గడియారం నొక్కి ఉంటే కచ్చితంగా చెప్పేవాడు… అనుకుంటూ ఆమె కళ్ళ డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. తలుపు ఓరగా తెరిచే ఉంది. లోపల భర్త ఒక కన్ను అరచేత్తో మూసుకుని గోడ మీది అక్షరాలు చదువుతున్నాడు. పెద్దవి, వాటికంటే చిన్నవి, ఇంకా చిన్నవి. ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, తప్పు చెబితే దెబ్బ పడుతుందేమోనన్నట్టు భయంభయంగా పలుకుతున్నాడు. గంటకి రెండొందల కిలోమీటర్ల వేగంతో బండిని వాల్చి మలుపు తిప్పే మనిషి, 'ప' అనాలా 'వ' అనాలా అని వణుకుతున్నాడు. ఆ వణుకు ఎవరు పెట్టారు? తనే. బోర్డు మీద పెట్టాల్సింది పెట్టలేదు గానీ, కట్టుకున్నవాడి గొంతులో వణుకు పెట్టింది.

"మీ కళ్ళకేం లోటు లేదండీ," అంటోంది డాక్టరమ్మ. "ఆ అట్టడుగు వరస జోడు లేకుండా నేనే చదవలేను. మీరు గడగడా చదివేశారు."

"కాదమ్మా, ఇంకోసారి చూడండి. ఒక చుక్క. పెద్ద గుండీ అంత ఉంటుంది. నల్లబోర్డు మీద పసుపుపచ్చది. అది నాకు కనపడలేదు."

"చుక్క పక్కన ఏమైనా ఉందా?"

"అంకె ఉంది. మూడు. అది కనపడింది."

"అంకె కనపడిన కంటికి దాని పక్కనున్న చుక్క కనపడకుండా ఎక్కడికి పోతుందండీ? అసలు ఉందో లేదో కనుక్కోండి ముందు."

"ఉందమ్మా. పెట్టింది మా ఆవిడే."

ఆ మాట అతను ఎంత నిబ్బరంగా అన్నాడంటే, బెంచీ మీద కూర్చున్న ఆమెకి తల ఎత్తడం చేతకాలేదు. ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్న ముసలావిడ కంట్లో మందు వేయించుకుని, చేతిరుమాలు అద్దుకుంటోంది. ఏడుస్తున్నదెవరో, మందుకి నీళ్ళు కారుతున్నదెవరికో అక్కడ ఎవరికీ తెలియదు. ఆ సందులో ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది.

ఆ చుక్క కథ ఇది. వాళ్ళది చిన్న జట్టు. జట్టు అనడం కూడా పెద్దమాటే, ఒక ఇల్లు, అంతే. బండి విప్పి బిగించేది మామగారు. చుట్టుపక్కల అందరూ ఆయన్ని పెద్దమేస్త్రి అంటారు. సెకన్లు లెక్కపెట్టేది మరిది. వారమంతా గడియారాల షాపులో కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటాడు కనక అతని పేరే గడియారం అయిపోయింది. బండి నడిపేది భర్త. ట్రాక్ పక్కన నడుమెత్తు గోడ దగ్గర నిలబడి బోర్డు చూపించేది ఆమె. బండి మీద ఉన్నవాడికి వెనక్కి తిరిగి చూసే తీరిక ఉండదు. గాలి హోరు తప్ప ఏ మాటా వినపడదు. వెనక వస్తున్నవాడు ఎంత దూరంలో ఉన్నాడో చెప్పేది ఆ బోర్డు ఒక్కటే. చుట్టుకొక్కసారి, కన్నుమూసి తెరిచేలోగా, అతను ఆ అంకె చూసి ప్రాణాన్ని ఎంత బిగించాలో ఎంత వదలాలో తేల్చుకుంటాడు.

బోర్డు పెద్దమేస్త్రి చేతిపని. పాత ఇనుప బీరువా తలుపు కోసి నల్లరంగు వేశాడు. అంకెల రేకుల వెనక అయస్కాంతాలు అతికించాడు. కింది వరసలో ఇంకా ఎన్ని చుట్లున్నాయో చెప్పే అంకె. పై వరసలో ఒక అంకెకీ, దాని ముందు ఒక చుక్కకీ మాత్రమే చోటు. వెనకవాడు సెకనుకి మించిన దూరంలో ఉంటే అంకె ఒక్కటే. సెకను లోపల ఉంటే చుక్క, పక్కన అంకె. "మనింట్లో సున్నాలకి చోటు లేదమ్మాయ్," అన్నాడు బోర్డు ఆమె చేతికిచ్చిన రోజున. చుక్క కోసం పాడైపోయిన రేడియో స్పీకరు పగలగొట్టి, అందులోని అయస్కాంతం తీసి, పసుపురంగు పూశాడు. అది బోర్డుకి అంటుకుంటే టక్కుమంటుంది. మూడు అంటే, వాడు చాలా వెనక ఉన్నాడు, ఊపిరి పీల్చుకో. చుక్క మూడు అంటే, వాడు నీ భుజం మీదే ఉన్నాడు, వదలకు. లోకంలో ఇంకెవరికీ అర్థం కాని ఆ లెక్క, ఆ ఇంట్లో నలుగురికే తెలిసిన భాష.

పోయిన ఏడాది అతను ఏడో మలుపులో పడ్డాడు. జల్లు పడి రోడ్డు తడిసింది, బండి ఒక పక్కకీ అతనొక పక్కకీ జారిపోయారు. రెండు రోజులు స్పృహ లేదు. మూడో రోజు కళ్ళు తెరిచి, మంచం పక్కన కూర్చున్న ఆమెని చూసి, "మీరెవరండీ" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. ఆ పూటంతా అన్నాడు. సాయంత్రానికి జ్ఞాపకం వచ్చింది, నెలకి లేచి నడిచాడు, రెండు నెలలకి మళ్ళీ బండెక్కాడు. "ఒక్కసారి టైటిల్ గెలిచి మానేస్తాను, నీ మీద ఒట్టు," అన్నాడు. ఆమె సరేనంది. కానీ అప్పటినుంచీ ఆమెలో ఒక మూల ఎవరో మర్యాదగా అడుగుతూనే ఉన్నారు… మీరెవరండీ.

పోయిన ఆదివారం, చివరిదానికి ముందు రేసు. అప్పటికి ఎర్రబండివాడి కంటే ఏడు పాయింట్లు ముందున్నాడు భర్త. ఆ రేసు గెలిస్తే, ఆఖరి రేసులో మూడోవాడిగా వచ్చినా టైటిల్ అతనిదే. ఒక్క చుట్టు మిగిలింది. ముందు భర్త, వెనక ఎర్రబండి. ట్రాక్ అవతలివైపు, సరిగ్గా ఏడో మలుపు మీద, మబ్బు కిందికి జారి జల్లు మొదలైంది. తెల్లటి తెరలా కనపడుతోంది. "సున్నా పాయింట్ మూడు," అని అరిచాడు మరిది. ఆమె కుడిచెయ్యి మూడు తీసి పెట్టింది. ఎడమచేతిలో చుక్క ఉంది. చెయ్యి పైకి లేచింది. ఆ తెల్లతెర వైపు కళ్ళు పోయాయి. పిడికిలి మూసుకుంది.

అనుకుని చెయ్యలేదు, అని నాలుగు రోజులుగా తనకి తాను చెప్పుకుంటోంది. నిజమే, అనుకోలేదు. కానీ మనిషి అనుకోకుండా పిడికిలి ఎవరు మూస్తారు? ఒక్క చుట్టు, ఒక్కటంటే ఒక్క చుట్టు, ఆ మలుపు దగ్గర కాస్త మెల్లగా వెళ్ళనీ… అని చెయ్యి అనుకుంది. మనసుకి చెప్పకుండా చెయ్యి అనుకుంది. అతను మూడు చూశాడు. నమ్మాడు. ఏడో మలుపు దగ్గర పసిపిల్లని ఎత్తుకున్నంత మెత్తగా తిరిగాడు. చిట్టచివరి మలుపులో ఎర్రబండి అతని మోచేతి పక్కనుంచి దూసుకుపోయింది. ఏడు పాయింట్లు రెండుకి దిగాయి.

హెల్మెట్ తీసి అతను అడిగిన మొదటిమాట, "మూడు కదా చూపించింది?"

"సున్నా పాయింట్ మూడన్నా," అన్నాడు మరిది. "వదిన చుక్క పెట్టింది. పెట్టావు కదా వదినా?"

"పెట్టాను."

అంతే. ఆ మాట ఎందుకన్నదో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఎవరో నిద్రలో అడిగితే నిద్రలోనే బదులిచ్చినట్టు వచ్చేసింది. నిజం చెప్పడానికి మొదటి నిమిషంలో ధైర్యం ఉంటే చాలు. మర్నాటికి సంజాయిషీ కూడా కావాలి. నాలుగో రోజుకి మొహమే ఉండదు. చుక్కని ఇంటికి తెచ్చి సూదుల డబ్బాలో దాచింది. ఆ రాత్రికి రాత్రే డబ్బాలో సూదులన్నీ వెళ్ళి దానికి అంటుకున్నాయి.

డాక్టరు గదిలోంచి అతను బయటికి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. కళ్ళు బాగున్నాయని విన్న మనిషి ముఖం అలా ఉంటుందా?

ఇంటికి నడిచివెళ్దామన్నాడు. దారి పొడుగునా దుకాణాల బోర్డులు చదువుతూ నడిచాడు. పైకి కాదు, పెదవులు కదులుతున్నాయి. ఆగి ఉన్న కార్ల నంబర్లు చదువుతున్నాడు. తాళాలషాపు ముందు నిలబడిపోయాడు.

"ఆ ఫోను నంబరు మధ్యలో చుక్కలున్నాయా?"

"ఉన్నాయండీ."

"ఎన్ని?"

"రెండు."

"నాకూ రెండే కనపడుతున్నాయి," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి శబ్దానికి ఆమె భూమిలోకి కుంగిపోతే బాగుండుననుకుంది.

వీధి మలుపులో టీకొట్టు. అక్కడ ఎప్పుడూ నలుగురు చేరతారు. టీ పోసేవాడు పలకరించకుండా ఉండలేడు, పలకరిస్తే గుచ్చకుండా ఉండలేడు.

"ఏమన్నా, చుక్క కనపడలేదటగా? చుక్కేసుకుని ఎక్కాడేమోనని అనుకుంటున్నారు జనం."

"వేసుకుని ఉంటే ఒకటికి రెండు కనపడేవి కదరా," అన్నాడు భర్త.

అందరూ నవ్వారు. అతను కూడా నవ్వాడు. ఆ నవ్వు మిగిలినవాళ్ళ కంటే ముందే వచ్చేసి, మిగిలినవాళ్ళ కంటే ముందే ఆగిపోయింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆమె ఆ నవ్వు ఎన్నడూ వినలేదు.

వాళ్ళని దాటాక అతను మెల్లగా చెప్పాడు. "రేపు ఆఫీసుకి వెళ్ళి ఆఖరి రేసులో పేరు తీసెయ్యమని చెబుతాను."

"ఎందుకండీ?"

"కళ్ళయితే జోడు పెట్టుకునేవాణ్ణి. తలకి ఎక్కడ జోడు తెస్తాను? ఉన్నది కనపడలేదంటే లోపల ఏదో ఊడిపోయింది. ఆ రోజు నిన్నే పట్టుకుని మీరెవరండీ అన్నవాణ్ణి. ఇంకోడి ప్రాణం మీదకి తెస్తానేమో. వద్దు. ఇక బండి జోలికి పోను."

ఆమె ఆగిపోయింది. అతను రెండడుగులు ముందుకి వెళ్ళి వెనక్కి చూశాడు. "ఏం, కాలికేమైనా తగిలిందా?"

"లేదండీ."

ఏం తగిలిందని చెప్పాలి? ఏడాదిగా ఏ మాట కోసం ఎదురుచూసిందో ఆ మాట తనంతట తనే వచ్చి కాళ్ళ ముందు పడింది. బండి జోలికి పోను. ఏడో మలుపు ఉండదు. జల్లు పడితే గుండె ఆగదు. తను చెయ్యాల్సిందేమీ లేదు, నోరు మూసుకుంటే చాలు. నిన్నటిదాకా ఆమె తను పిరికిదాన్ననుకుని సిగ్గుపడింది. ఇప్పుడు మరో సంగతి తెలిసింది… ఆ మాట వినగానే లోపలెక్కడో ఒక చిన్న సంతోషం దొంగలా తలుపు తీసుకుని తొంగిచూసింది. మొగుడి మతి మీద మొగుడికే నమ్మకం పోతే సంతోషించే ఆడదాన్నా నేను? ఆ ప్రశ్న ఇంటి గుమ్మం దాకా ఆమె చెయ్యి పట్టుకుని నడిచింది.

ఇంట్లో అత్తగారు వాళ్ళ కోసమే కాచుకుని ఉంది.

"ఏమన్నార్రా?"

"కళ్ళు బాగున్నాయట అమ్మా."

"బాగుంటే మరి చుక్క ఎలా తప్పిందిరా? నా కోడలు ఎండకీ వానకీ ఆ గోడ దగ్గర నిలబడి చెప్పింది చెప్పినట్టు పెడుతుందే, చూసేవాడికి చూపు లేకపోతే అదేం చేస్తుంది? ఎవరైనా దాన్ని ఒక్కమాట అన్నారో చెబుతాను." కోడలి వైపు తిరిగింది. "నువ్వేం బాధపడకమ్మా. నీ తప్పేం లేదు. వెళ్ళి మంచినీళ్ళు తాగు, మొహం చూడు ఎలా వాడిపోయిందో."

అత్తగారు తిడుతుందంటే భరించే ఓర్పు కోడళ్ళకి ఎక్కడినుంచో వస్తుంది. మెచ్చుకుంటే భరించే ఓర్పు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? ఆమె మంచినీళ్ళకని లోపలికి వెళ్ళి, గ్లాసు పట్టుకుని, వెనకతలుపు గుండా షెడ్డులోకి వెళ్ళిపోయింది.

షెడ్డులో పెద్దమేస్త్రి ముక్కాలిపీట మీద కూర్చుని, ఒళ్ళో బోర్డు పెట్టుకుని కిరోసిన్ గుడ్డతో తుడుస్తున్నాడు. పక్కనే స్టాండు మీద బండి. ఇంజను విప్పి మళ్ళీ బిగించినట్టున్నాడు, చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"అమ్మాయ్, ఇలా రా. కూర్చో."

కూర్చుంది.

"ఆదివారం బోర్డు విప్పింది నేనే. మీరందరూ వాడి చుట్టూ ఉన్నారు. జల్లు ఇటు కూడా వచ్చేసింది కదా, బోర్డంతా తడి." ఆయన గుడ్డ ఆపలేదు, తల ఎత్తలేదు. "మూడు తీశాను. దాని కింద పొడి. కింది అంకె తీశాను. దాని కిందా పొడి. చుక్క చోటు మాత్రం తడి."

ఆమె గ్లాసు నేల మీద పెట్టేసింది.

"అయితే… నాలుగు రోజుల నుంచీ మీకు తెలుసా మామయ్యా?"

"తెలుసు."

"మరి ఆయనకెందుకు చెప్పలేదు?"

"నేను చెబితే చాడీ అవుతుంది. నువ్వు చెబితే నిజం అవుతుంది. చెబుతావని చూస్తున్నాను." బోర్డు మీద లేని మరకని గట్టిగా రుద్దాడు. "అదొక్కటే అయితే నీ మీద అరిచి ఉండేవాణ్ణే. ఇంకోటుంది. వాడు ఏడో మలుపులో అంత మెల్లగా తిరిగాడే… అప్పుడు నేను హమ్మయ్య అనుకున్నాను. ఓడిపోతాడని తెలుస్తూనే ఉంది. తెలిసీ హమ్మయ్య అనుకున్నాను. బండి చేసినవాణ్ణి నేను, పదిహేనేళ్ళప్పుడు వాణ్ణి ఎక్కించినవాణ్ణి నేను. తర్వాత బోర్డు విప్పాక, నా హమ్మయ్యకి కారణం ఎవరో తెలిసింది. ఇక ఏ మొహం పెట్టుకుని నిన్ను కోప్పడనమ్మా?"

ఆయన కళ్ళు తుడుచుకోబోయి, చేతుల నలుపు చూసుకుని ఆగిపోయాడు. ఆమె తన పైటకొంగుతో మామగారి కళ్ళు తుడిచింది. పెళ్ళయి వచ్చాక ఆయన్ని తాకడం అదే మొదటిసారి. ఇద్దరు దోషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక బండి వైపు చూస్తూ కూర్చున్నారు.

"వాడు లోపల వాళ్ళమ్మతో రేపు పేరు తీయించేస్తానంటున్నాడు, వినపడింది," అన్నాడు చివరికి. "మానడం మంచిదే. కానీ మనిషి బండి దిగితే తన కాళ్ళ మీద దిగాలమ్మాయ్."

ఆమె లేచింది.

భర్త ముందుగదిలో నేల మీద కూర్చుని తోలు జాకెట్టు మడతపెడుతున్నాడు. మోచేతి దగ్గర చిరిగితే ఆమె దళసరి దారంతో కుట్టిన కుట్టు మీద వేలు పెట్టి రాస్తున్నాడు. సాయంత్రపు ఎండ కిటికీలోంచి అతని వీపు మీద పడుతోంది. ఆమె అలమరలోంచి సూదుల డబ్బా తెచ్చి అతనికి ఎదురుగా కూర్చుని మూత తీసింది. లోపల పసుపు చుక్క కనపడడమే లేదు. చుట్టూ సూదులు నిక్కబొడుచుకుని, ముళ్ళపందిలా ఉంది.

"ఇదేమిటి?"

"చుక్క."

"చుక్క బోర్డుతో పాటు ఉండాలి కదా."

"ఉండాలి," అంది. గొంతు తనది కాదనిపించింది. అయినా ఆ గొంతునే పట్టుకుని ముందుకి నడిచింది. "పెట్టలేదండీ. ఆ రోజు పెట్టలేదు. ఇది నా పిడికిట్లో ఉంది. జల్లు చూశాను… మీరు మెల్లగా వెళ్తారని… పెట్టాను అని అబద్ధం చెప్పాను."

అతను డబ్బా ఒళ్ళోకి తీసుకుని, సూదులు ఒక్కొక్కటే పీకి పక్కన పెట్టాడు. కొన్ని మళ్ళీ వెళ్ళి అంటుకున్నాయి. మళ్ళీ పీకాడు. చుక్క నున్నగా బయటపడేదాకా ఆ పని మానలేదు.

"అంటే నేను చూసింది మూడే."

"మూడే."

"చుక్క లేదు."

"లేదండీ. మీ కళ్ళకేం కాలేదు. మీ తలకేం కాలేదు. చెడింది నేను."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు ఎగసిపడ్డాయి. కోపమనుకుని ఆమె కళ్ళు మూసుకుని కాచుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. కానీ వేళ్ళ సందుల్లోంచి వచ్చింది ఏడుపు. గండం గడిచినవాడి ఏడుపు. నాకేం కాలేదు, నాకేం కాలేదు, అని చిన్నపిల్లవాడిలా గొణుక్కుంటున్నాడు. ఏ దెబ్బా ఆమెని అంత సిగ్గుపడేలా చేసి ఉండేది కాదు. తను తప్పు ఒప్పుకున్నందుకు అతను సంతోషంతో ఏడుస్తున్నాడు… అతన్ని అంత చీకట్లో ఉంచేసింది తను!

కోపం తర్వాత వచ్చింది. గొంతు పెంచకుండా వచ్చింది.

"ఓడిపోయానని కాదు. ఓడిపోవడం నాకు కొత్తేం కాదు. నాలుగు రోజులు నన్ను మతిచెడినవాణ్ణి అనుకోనిచ్చావు. వీధిలో బోర్డులు చదువుకుంటూ నడిచాను. నువ్వు పక్కనే ఉన్నావు. రెండు చుక్కలున్నాయండీ అని లెక్కపెట్టి మరీ చెప్పావు."

"చెప్పాను."

"భయమైతే భయమని చెప్పు. మానెయ్యమని అడుగు. కూర్చుని ఏడువు, జాకెట్టు చింపెయ్. కానీ అక్కడ నాకు వెనకవైపు కళ్ళు లేవు. నువ్వే నా కళ్ళు. ఇంక నేనెవర్ని నమ్మను?"

వంటింటి గుమ్మంలో అత్తగారు ఎప్పుడొచ్చి నిలబడిందో, అన్నీ విని లోపలికి వెళ్ళిపోయింది. ఆ పూట అందరికీ వడ్డించినట్టే కోడలికీ వడ్డించింది. కానీ ముఖం చూడలేదు. మరిది సంగతి తెలుసుకుని, కంచం ముందు కూర్చుని, తల గోక్కున్నాడు.

"వదినా, ఈ నాలుగు రోజుల్లో ఆ స్టాప్‌వాచ్‌ని ఆరుసార్లు విప్పి బిగించాను. పాపం, దానికే జబ్బూ లేదు. ఎన్ని తిట్లు తిన్నదో నా చేత."

"దానికీ నేనే క్షమాపణ చెప్పుకోవాలి," అంది.

"చెప్పుకో. రోషమున్న గడియారం అది," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అయినా ఆ మాట అన్నందుకు ఆమె మరిది వైపు ఒకసారి చూసింది.

మర్నాడు భర్త ఆఫీసుకి వెళ్ళలేదు. షెడ్డులో తండ్రితో కలిసి బండి పనిలో పడ్డాడు. ఆమెతో మాట్లాడలేదు. సబ్బు ఎక్కడుంది, తువ్వాలు ఆరిందా, అంతే. రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే పెద్ద కబురు. శనివారం మధ్యాహ్నం సామానంతా వ్యానులోకి ఎక్కిస్తుంటే ఆమె వాకిట్లో ఒక పక్కగా నిలబడింది. తనకి ఈసారి చోటు లేదని ఆమే తీర్మానించుకుంది. భర్త బోర్డు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

"నా వల్ల కాదండీ. గడియారానికి ఇవ్వండి."

"వాడికి వాచీ చూసుకోవడమే సరిపోతుంది."

"అయితే మామయ్యకి…"

"నాన్న చేతులు వణుకుతాయి." బోర్డుని ఆమె చేతుల్లోకి ఇంకాస్త నెట్టాడు. "ఇంకెవరు పట్టుకున్నా, దాటిపోయాక నాకు అనుమానం వస్తుంది, వీళ్ళేమైనా దాచారా అని. నువ్వు దాస్తే ఎలా ఉంటుందో చూశాను. అందుకే నువ్వే పట్టుకో." జేబులోంచి చుక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. రెండు రోజులుగా అది అతని జేబులోనే ఉందని ఆమెకి తెలియదు. అది వెచ్చగా ఉంది. "ఏదుంటే అది పెట్టు. అంతకంటే నాకేం వద్దు."

ఆదివారం. ఆకాశం పొద్దుటినుంచీ ముఖం ముడుచుకునే ఉంది. రేసు మొదలైనప్పటినుంచీ భర్తా ఎర్రబండివాడూ ఒకరినొకరు దాటుకుంటూనే ఉన్నారు. లెక్క చాలా చిన్నది. ఎర్రబండికి ముందు వస్తే టైటిల్, వెనక వస్తే లేదు. గెలిస్తే మానేస్తానన్న ఒట్టు కూడా ఆ లెక్కలోనే ఉంది. మరిది అరుస్తున్నాడు, ఆమె అంకెలు మారుస్తోంది. చుక్క ఐదు. చుక్క నాలుగు. ఒక దశలో వాడు వెనకబడ్డాడు, ఒకటి. చుక్క తీసింది. మళ్ళీ దగ్గరికొచ్చాడు. పెట్టింది. పెట్టిన ప్రతిసారీ టక్కుమన్న ఆ చప్పుడు ఆమె పళ్ళలోకి పాకుతోంది.

రెండు చుట్లు మిగిలాయి. భర్త ముందు. వెనకే ఎర్రబండి. ఇద్దరూ ఆమె ముందునుంచి రివ్వున వెళ్ళారు, మరిది బొటనవేలు రెండుసార్లు కదిలింది. ఈ అంకె అతను చూసేది తిరిగొచ్చాక, ఆఖరి చుట్టు మొదలయ్యేటప్పుడు. కింది వరసలో రెండు ఉంది. ఒకటి పెట్టాల్సింది ఇప్పుడు, వాళ్ళు తిరిగొచ్చేసరికి. ఆమె రెండు పీకి ఒకటి పెట్టింది. పై వరసలో పాత అంకె, పాత చుక్క తీసేసింది.

"సున్నా పాయింట్ రెండు, వదినా."

పెద్దమేస్త్రి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చూస్తున్నది ఆమెని కాదు, ట్రాక్ అవతలి వైపు. ఆమె కూడా చూసింది. ఏడో మలుపు మీద తెల్లటి తెర దిగుతోంది.

కుడిచేత్తో రెండు పెట్టింది. నల్లబోర్డు మీద అది ఒంటరిగా, హాయిగా ఉంది. రెండు సెకన్లు. ఊపిరి పీల్చుకో. మెల్లగా తిరుగు. ఆ అంకె ఎంత దయగా కనపడిందో ఆమెకి! దాని పక్కన చుక్క పెడితే, అతను ఆ తడిలోకి పళ్ళు బిగించి దూకుతాడు. తనే దూకమన్నట్టు అవుతుంది. దూకి లేవకపోతే? లేచి, మంచం మీద కళ్ళు తెరిచి, మర్యాదగా, మీరెవరండీ అంటే?

అంటే అననీ. అప్పుడు కనీసం చెప్పుకోవడానికి తనకి ఒక జవాబుంటుంది… నేను మీ కళ్ళనండీ, అని.

దూరంగా రెండు బండ్ల హోరు ఆఖరి మలుపు తిరిగి దగ్గరవుతోంది. మొదటి చినుకు ఆమె చేతి మీద పడింది. పిడికిలి మూసుకునే ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది, ఇంకెవరివో వేళ్ళు విప్పినట్టు.

టక్.

బోర్డుని రెండు చేతులా ఎత్తి గోడ మీదుగా వీలైనంత ముందుకి చాపింది, అతనికి బాగా కనపడాలని.